పడమటి గదిలో ఇరవై నాలుగు

మా మేనత్తను వీధంతా దబ్బనం అంటుంది. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి వెనకాల అంటారు. ఆవిడకా సంగతి తెలుసు. "అననీరా. సూది అనలేదు, సంతోషం. సూదితో లారీ పట్టా కుడతారా ఎవరైనా?" అని నవ్వేస్తుంది.

లారీల్లో సరుకు మీద కప్పే పట్టాలు కుట్టడం ఆవిడ పని. మందపాటి కాన్వాసు గుడ్డ, మైనం పట్టించిన దారం, అరచేతికి అడ్డంగా ఒక తోలుముక్క, జానెడు పొడుగు దబ్బనం. ఇంట్లో మిషను మీద కుట్టేది సగం, యార్డుకి వెళ్ళి లారీ ఎక్కి చేత్తో కుట్టేది సగం. యాభై ఆరేళ్ళ వయసులో కూడా సరుకు మీదికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతుంది. "అక్కా, కాస్త తొందరగా కానియ్యి, లోడు వెళ్ళిపోవాలి" అని ఓ డ్రైవరు కింద నుంచి అరిచాడు ఒకసారి. "తొందరైతే నీ చొక్కా విప్పి కప్పుకుని పో" అంది తల తిప్పకుండానే. ఆ డ్రైవరు ఇప్పటికీ ఆవిడ దగ్గరే కుట్టించుకుంటాడు.

కూరగాయల లారీలకి ఆవిడ పట్టా వేసే పద్ధతి వేరు. గుడ్డ సరుకు మీద ఆనకూడదు. వెదురుబద్దలు నాలుగు వంచి నిలబెట్టి, వాటి మీద పట్టా లాగి కట్టి, గుడ్డకీ సరుక్కీ మధ్య జానెడు సందు వదులుతుంది. ఎండ గుడ్డ మీద పడుతుంది, గుడ్డ కాలుతుంది, ఆ వేడిని సందులో గాలి ఎత్తుకుపోతుంది. కింద టమాటాలు చెక్కు చెదరకుండా ఊరు చేరతాయి. ఈ మాట ఆవిడకి ఏ ఇంజనీరూ చెప్పలేదు. కుళ్ళిన సరుకు చూసి తిట్టుకున్న డ్రైవర్ల నోటి నుంచి నేర్చుకుంది.

నేను ఏసీలు బిగిస్తాను, బాగుచేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా బతుకు. ఇది కోపంలో రాస్తున్నాను కాబట్టి మెత్తటి మాటలు నా దగ్గర దొరకవు. ఈ కోపం అత్తయ్య ఉండే అపార్ట్‌మెంటు వాళ్ళ మీద ఉంది, అది కట్టినవాడి మీద ఉంది. పెద్ద వాటా మాత్రం నా మీదే.

అత్తయ్య వాళ్ళది అయిదో అంతస్తు, అంటే చిట్టచివరిది. ఒక హాలు, ఒక గది, వంటకి ఒక మూల. ఆ గది పడమటివైపు ఉంది. పడమటి గోడ అని పేరేగాని అక్కడ గోడ ఎక్కడుంది? మోకాలి ఎత్తు నుంచి దాదాపు కప్పు దాకా రెండు పెద్ద అద్దాల కిటికీలు. కిటికీ మీద ఎండ పడకుండా సజ్జా ఉండాలి కదా, అది లేదు. సజ్జాలుంటే బిల్డింగు పాతకాలంగా కనబడుతుందట, అందుకని కట్టినవాడు తీసేశాడు. ఎక్కడో మంచు పడే దేశంలో, పాపం ఎండ కోసం మొహం వాచిపోయినవాళ్ళు కట్టుకున్న ఇంటి బొమ్మ చూసి, తెచ్చి, ఎండకి మాడిపోయే మన నెత్తిన పెట్టాడు. వాడు మాత్రం ఆ గదిలో ఒక్క మధ్యాహ్నం కూడా పడుకుని ఉండడు, నేను రాసిస్తాను.

మధ్యాహ్నం పన్నెండు దాకా పైన స్లాబు కాలుతుంది. ఒంటిగంట నుంచి ఎండ ఏటవాలుగా అద్దంలోంచి లోపలికి దిగుతుంది. రెండింటికి మంచం అంచు, మూడింటికి దిండు, నాలుగింటికి ఎదురుగోడ. అద్దం ఎండని లోపలికి రానిస్తుందిగాని, వచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. ఇంటికొచ్చి తిష్టవేసిన చుట్టం లెక్కే, ఇక కదలదు.

ఆ గదిలో, ఆ మంచం మీద మా మామయ్య ఉండేవాడు. ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. మనిషి బాగా ఒడ్డూ పొడుగూ. నిండు బస్సులో ఆయన అటు నుంచి ఇటు నడిస్తే జనం సీట్లకి అతుక్కుపోయేవారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. పోయినవన్నీ పోగా ఒకే ఒక్క మాట మిగిలింది. "రైట్." ఉద్యోగంలో రోజుకి వెయ్యిసార్లు అన్న మాట అది, అందుకే నాలుక దాన్ని వదల్లేదేమో. దాహం వేస్తే రైట్. చాలంటే రైట్. ఫ్యాను పెంచమంటే రైట్, నేను వస్తే పళ్ళన్నీ కనబడేలా నవ్వి రైట్ రైట్. అత్తయ్యకి ఆ ఒక్క మాటలో తేడాలన్నీ తెలిసేవి. "ఇదివరకు గంటల తరబడి మాట్లాడేవాడు, ఒక్క ముక్కా పనికొచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కటే అంటాడు, అంతా అర్థమవుతోంది" అనేది ఆయన ముందే. ఆయన దానికీ రైట్ అనేవాడు.

హాల్లోకి మార్చొచ్చు కదా అని మీరంటారు. అందరూ అన్నారు. బరువైన మనిషి. మంచం ఆ గదిలోనే బిగించిన ఇనుప మంచం, తలుపులోంచి రాదు. బాత్రూము ఆ గదికే ఉంది, ఆయన పట్టుకుని లేవడానికి గోడలకి పైపులు అక్కడే కొట్టించాం. పైగా హాలంతా అత్తయ్య మిషను, గుడ్డ చుట్టలు. ఆ గుడ్డ కుడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మొదటి ఎండాకాలం వచ్చేసరికి అత్తయ్య ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని చూసింది. దుప్పటి తడిసిపోతోంది, ఒళ్ళంతా చెమటకాయలు. మర్నాడే కొలతలు తీసుకుని, తెల్ల కాన్వాసుతో ఒక పట్టా కుట్టింది. నన్ను పిలిచి మేడమీద నుంచి రెండు ఇనుప పైపులు ముందుకి పొడుచుకొచ్చేలా బిగించమంది. "గోడకి ఆనకూడదురా అల్లుడూ. జానెడు ఎడం ఉండాలి. మామయ్యేం టమాటాలకన్నా తీసిపోయాడా?" అంది. పట్టా బయట, అద్దం లోపల, మధ్యలో గాలి. కింద అంచు మాత్రం మనిషి కంటికి ఆకాశం కనిపించేంత ఎత్తులో ఆపింది. ఆయనకి రోడ్డు మీద బస్సుల చప్పుడు వింటూ ఆకాశం చూడ్డం ఇష్టం.

నా దగ్గర వేడి కొలిచే పరికరం ఉంటుంది. కాసేపు గాలిలో ఉంచితే అంకె చూపిస్తుంది. పట్టా కట్టక ముందు నాలుగింటికి గది ముప్ఫైతొమ్మిది. కట్టాక, అంతే ఎండ ఉన్న రోజు, అదే నాలుగింటికి ముప్ఫైనాలుగు. కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను తప్ప కరెంటు తినే మిషను ఒక్కటీ లేదు. నేను ఆ అంకె రెండుసార్లు చూశాను. పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళకి వెళ్ళి, టన్నులు లెక్కేసి, మిషన్లు మోసి బిగిస్తున్నాను. వాటిల్లో సగం మిషన్లకి పని కల్పించింది కప్పు మీద పడే ఎండ, కిటికీలోంచి వచ్చే ఎండ. బయటే ఆపెయ్యాల్సిన దాన్ని లోపలికి పిలిచి, ఆనక దాన్ని గెంటడానికి రోజంతా కరెంటు కాలుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, ఏ ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే మిషను ఎవడు కొంటాడు?

మామయ్య ఆ ఎండాకాలం హాయిగా దాటాడు. అత్తయ్య మాత్రం మధ్యాహ్నాలు యార్డుకి వెళ్ళేది కాదు. పొద్దున్నే వెళ్ళి పదకొండుకల్లా వచ్చేసేది. ఆయన్ని తడిగుడ్డతో తుడవాలి, గంటకోసారి నీళ్ళు తాగించాలి, పట్టా తాడు ఎండని బట్టి కిందికో పైకో సర్దాలి.

తర్వాతి ఏడాది బిల్డింగుకి రంగులు వేశారు. బూడిదరంగు, మధ్యలో తెల్లటి పట్టీలు. రంగులయ్యాక మూడోరోజున లిఫ్టు పక్కన కాగితం అంటించారు. కిటికీల బయట ఏమీ కట్టరాదు, వేలాడదీయరాదు, ఏసీ అవుట్‌డోర్లన్నీ డక్టులోనే పెట్టాలి. బయట ఏదైనా కట్టింది ఆ బిల్డింగు మొత్తంలో అత్తయ్య ఒక్కతే. పేరు రాయలేదుగాని, కాగితం మొత్తం ఆవిడ పేరే.

ఆదివారం పొద్దున కింద కార్లు పెట్టేచోట మీటింగు. అత్తయ్య నన్ను తోడు రమ్మంది. సెక్రటరీగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, గట్టిగా ఒక మాట అనడు, ఎప్పుడూ చిరునవ్వే. ఆయన ఉండేది మొదటి అంతస్తులో, తూర్పువైపు. వాళ్ళ కిటికీ ముందు పెద్ద చెట్టు ఉంది. మధ్యాహ్నం వాళ్ళింట్లో దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు.

"అమ్మా, మీ కష్టం మాకు తెలియంది కాదు. కానీ ఇంత ఖర్చుపెట్టి రంగులు వేసుకున్నాం. రోడ్డు మీంచి చూస్తే పైన లారీ గుడ్డ వేలాడుతుంటే ఎలా ఉంటుంది చెప్పండి" అన్నాడు సెక్రటరీగారు.

"లారీ గుడ్డలాగే ఉంటుంది. అది లారీ గుడ్డే కదండీ" అంది అత్తయ్య.

నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "అది కాదమ్మా, లోపల మంచి మందపాటి పరదాలు వేసుకోండి. చూడ్డానికీ బాగుంటుంది."

"ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక పరదా ఏం చేస్తుందండీ? దానికి కుర్చీ వేసి కూర్చోబెడుతుందా? ఆపితే బయటే ఆపాలి."

"మా ఫ్లాటు అమ్మకానికి పెట్టామండీ. నిన్న చూడ్డానికొచ్చినవాళ్ళు పైకి చూసి, ఇక్కడ గోడౌన్ ఏమైనా ఉందా అని అడిగారు" అన్నాడు మూడో అంతస్తాయన. ఆయన మొహం నిజంగానే బాధగా ఉంది. మనిషి ఉడికిపోవడం కన్నా ఫ్లాటు ధర తగ్గడం ఆయనకి బాధ.

అప్పుడు సెక్రటరీగారు నావైపు తిరిగాడు. "ఏమయ్యా, మన బిల్డింగు ఏసీలన్నీ చూసేది నువ్వే. మీ అత్తగారికి ఒక మంచి మిషను పెట్టలేవా? పెట్టేస్తే ఈ గొడవే ఉండదు కదా."

అందరూ నన్ను చూశారు. అత్తయ్య కూడా చూసింది.

ఆ క్షణంలో నాకు తెలిసిన సంగతి ఇది. ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. గదిలో వేడిని లాగి బయట పారబోస్తుంది, అంతే. ఆ పారబోసే డబ్బానే అవుట్‌డోర్ అంటారు, దానికి ఊపిరాడాలి. ఆ బిల్డింగులో డక్టంటే నాలుగు గోడల మధ్య మనిషి అడ్డంగా చేతులు చాపలేనంత ఇరుకు, కింద నుంచి పైదాకా బావిలా ఉంటుంది. అలాంటివి మూడున్నాయి, అత్తయ్య వైపు బావిలో కింది నాలుగు అంతస్తుల మిషన్లు ఎనిమిది వేడి కక్కుతాయి. వేడి పైకే పోతుంది. అయిదో అంతస్తులో పెట్టిన మిషను ఆ ఎనిమిదింటి ఎంగిలి గాలి పీల్చాలి. పీల్చి పీల్చి, తట్టుకోలేక కంప్రెసర్ ట్రిప్పయి ఆగిపోతుంది. అంతకుముందు ఏడాదే నాలుగో అంతస్తు మిషను నడి మధ్యాహ్నం అలా ఆగిపోతుంటే, నేనే వెళ్ళి నీళ్ళు కొట్టి, సరిపోయిందండీ అని చెప్పి వచ్చాను. సరిపోలేదని నాకు తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి ఏమన్నాను? "పెట్టేద్దాం సార్. ఒకటిన్నర టన్ను వేస్తే గది ఐసైపోతుంది" అన్నాను. గంగిరెద్దులా తల కూడా ఊపాను. ఆ బిల్డింగులో ఇరవై రెండు మిషన్లున్నాయి, అన్నీ ఏడాదికోసారి సర్వీసు చేసేది నేను. డక్టు పనికిరాదంటే ఆ కాగితం పనికిరాదన్నట్టే. మీ బిల్డింగు తప్పు కట్టారంటే వచ్చే ఏడాది ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకని నోరు మూసుకున్నాను. కాదు, తప్పు కూత కూయడానికి బాగానే తెరిచాను.

మెట్లెక్కుతూ అత్తయ్య అడిగింది. "నిజంగా సరిపోతుందంటావా?"

"సరిపోతుందత్తా."

"ఆ సందులో పెట్టాలంటున్నారు. గాలి ఉంటుందా అక్కడ?"

చదువుకోని మనిషి, ఒక్క ప్రశ్నతో అసలు చోటే పట్టుకుంది. "నేను చూసుకుంటాగా. నువ్వు ఇంక నిశ్చింతగా మధ్యాహ్నాలు కూడా యార్డుకి వెళ్ళొచ్చు" అన్నాను.

"నువ్వు చెప్పావని తీస్తున్నా అల్లుడూ" అంది. తాళ్ళు తనే విప్పింది. పట్టాని నాలుగు మడతలు పెట్టి మంచం కింద తోసింది. మామయ్య కిటికీ వైపు చూసి రైట్ అన్నాడు. ఏ రైటో ఆవిడ నాకు చెప్పలేదు.

మిషను బిగించాను. డక్టులోకి దిగి, నడుముకి తాడు కట్టుకుని, నా చేతులతో నేనే బిగించాను. ఎండలు ముదరకముందు అది బాగానే నడిచింది. కింది వాళ్ళందరూ ఇంకా ఏసీలు వెయ్యడం మొదలుపెట్టలేదు. గదిలో చల్లగాలి తగిలితే మామయ్య ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం తల్చుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు బయట నలభై రెండు. కూరగాయల లోడు ఒకటి యార్డులో ఆగిపోయింది, పట్టా చిరిగింది, రమ్మని అత్తయ్యకి కబురొచ్చింది. పన్నెండున్నరకి మామయ్యకి అన్నం తినిపించి, నీళ్ళు తాగించి, కిటికీలు రెండూ మూసి, ఏసీ ఇరవై నాలుగులో పెట్టి, పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి వెళ్ళింది. ఏసీ ఉన్నప్పుడు కిటికీలు మూసే ఉంచాలి, లేకపోతే దండగ. ఆ మాట కూడా ఆవిడకి నేనే నేర్పాను.

పక్కింటావిడ రెండింటికి తలుపు తీసి తొంగి చూసింది. గది చల్లగా ఉంది, ఆయన నిద్రపోతున్నాడు. మళ్ళీ తలుపు వేసి వెళ్ళిపోయింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు, నేనూ అదే చేసేవాణ్ణి.

రెండు తర్వాత బిల్డింగులో అందరూ ఏసీలు వేసుకున్నారు. ఎనిమిది మిషన్లు ఒక్కసారి డక్టులో కక్కడం మొదలుపెట్టాయి. పైన మా మిషను ట్రిప్పయింది. ట్రిప్పయితే ఆగిపోయేది కంప్రెసరే. గదిలో గోడకున్న డబ్బా మాత్రం ఆగదు. దాని మొహం మీద ఇరవై నాలుగు అని వెలుగుతూనే ఉంటుంది, దాని రెక్కలు ఊగుతూనే ఉంటాయి, గదిలో ఉన్న వేడిగాలినే లాగి మళ్ళీ మనిషి మీదికి ఊదుతూ ఉంటుంది. పట్టా లేదు. అద్దాలు మూసి ఉన్నాయి. ఎండ దిండు మీదికి వచ్చి ఉంటుంది. ఆయన ఎడమచేతికి రిమోటు అందదు, నీళ్ళసీసా అందినా మూత తియ్యలేడు. ఎన్నిసార్లు రైట్ అన్నాడో మాకు తెలియదు. మూసిన కిటికీల్లోంచి ఎవరికీ వినబడలేదు.

అత్తయ్య అయిదుంబావుకి వచ్చింది. తలుపు తీసేసరికి పొయ్యి ముందు నిలబడ్డట్టు మొహానికి సెగ కొట్టిందట. మామయ్య ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయిగాని ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. గోడ మీద ఇరవై నాలుగు వెలుగుతోంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రది. థర్మామీటరు చూసి, "వడదెబ్బ. ఇంత ఎండలో పెద్దాయన్ని ఎక్కడ తిప్పారమ్మా?" అని అడిగింది.

"ఆయన ఆ గది దాటి రెండేళ్ళయింది" అంది అత్తయ్య.

ఆ పిల్ల రాస్తున్న కలం ఆపి ఆవిడ మొహంలోకి చూసింది, తర్వాత నావైపు చూసింది. ఏసీ ఉంది డాక్టర్, అని నేను గొణిగాను. మామయ్య మర్నాడు మధ్యాహ్నం పోయాడు. పోయేముందు ఏ మాటా అనలేదు.

ఆ మర్నాడు మూడింటికి నేను ఒక్కణ్ణే డక్టు దగ్గరికి వెళ్ళాను. కొలిచే పరికరం తాడుకి కట్టి లోపలికి దించాను. మా అవుట్‌డోర్ దగ్గర గాలి యాభై ఆరు. మిషనుకి ఏ జబ్బూ లేదు. కొత్తది, గ్యాసు సరిగ్గా ఉంది, వైరు సరిగ్గా ఉంది. కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. మిషనుకి ఉన్నపాటి దారి కూడా ఆ మంచం మీద మనిషికి మేం ఉంచలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం సెక్రటరీగారు పరామర్శకి వచ్చాడు. వెంట మూడో అంతస్తాయన కూడా ఉన్నాడు. హాల్లో గుడ్డ చుట్టలు జరిపి కుర్చీలు వేశాను. సెక్రటరీగారి కళ్ళల్లో నీళ్ళున్నాయి, దొంగ నీళ్ళు కావు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

"పెద్దాయన ఎప్పుడు కనబడినా నవ్వేవాడు. ఏం చేస్తామమ్మా. ఏసీ ఉండి కూడా ఇలా జరిగిందంటే ఆయుష్షు అంతే అనుకోవాలి. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు.

అత్తయ్య అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లేచింది. గది తలుపు తీసింది. "లోపల కూర్చుందాం రండి సార్. ఏసీ వేస్తాను, చల్లగా ఉంటుంది" అంది.

ఆవిడ గొంతులో ఏమీ లేదు. వాళ్ళిద్దరూ లేచి వెళ్ళారు. కిటికీలు మూసే ఉన్నాయి. సెక్రటరీగారిని మంచం అంచున కూర్చోబెట్టింది, మూడో అంతస్తాయన్ని స్టూలు మీద. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అత్తయ్య రిమోటు నొక్కింది. ఇరవై నాలుగు. చల్లగాలి వచ్చింది. సెక్రటరీగారు అలవాటుగా, "బాగానే పనిచేస్తోందే" అన్నాడు.

"చేస్తుంది సార్. కూర్చోండి."

గంట మూడయింది. పది నిమిషాలు చల్లగా ఉంది. తర్వాత డక్టువైపు నుంచి టక్కుమని చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు నాకు తెలుసు. గోడ మీద అంకె మారలేదు. రెక్కలు ఊగుతూనే ఉన్నాయి. గాలి మొదట గోరువెచ్చగా, ఆ తర్వాత వేడిగా వచ్చింది. ఎండ ఆయన మోకాళ్ళ మీద నుంచి ఒళ్ళోకి ఎక్కింది. చొక్కా వీపుకి అతుక్కుంది. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. అంకె వైపు చూశాడు, గాలి వచ్చేచోట చెయ్యి పెట్టాడు, నావైపు చూశాడు. అప్పటికి అర్థమైంది ఆయనకి. చిరునవ్వు లేని ఆయన మొహం నేను చూడ్డం అదే మొదటిసారి.

మూడో అంతస్తాయన లేచి హాల్లోకి వెళ్ళిపోయాడు. సెక్రటరీగారు కూడా లేవబోయాడు.

"కూర్చోండి సార్. ఇంకా అరగంటే అయింది" అంది అత్తయ్య.

"నాకు బీపీ ఉందమ్మా."

"ఆయనకీ ఉంది."

ఆయన లేచి నిలబడి మంచం పట్టుకున్నాడు. చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. మీరు ఆ పట్టా మళ్ళీ కట్టుకోండి. ఎవరూ ఒక్క మాట అనకుండా నేను చూస్తాను."

"ఎవరికి కట్టుకోను?" అంది.

ఆయన జోడించిన చేతులు దించేశాడు. తలుపులోంచి వెళ్ళేటప్పుడు నన్ను తాకుతూ వెళ్ళాడుగాని నా మొహం చూడలేదు. ఇద్దరూ మెట్లు దిగిన చప్పుడు వినబడింది.

నేనూ వాళ్ళ వెనకే వెళ్ళిపోవాలనుకున్నాను. ఏదో సర్వీసు పనుందని చెప్పేద్దామనుకున్నాను. అత్తయ్య స్టూలు చూపించింది. కూర్చున్నాను. ఆవిడ మంచం మీద, ఆయన తల ఉండేచోట కూర్చుంది. గాలి వేడిగా ఊదుతూనే ఉంది. నా కణతల మీంచి చెమట కారుతోంది, ఆవిడ మొహం మీద కూడా కారుతోంది, ఇద్దరం తుడుచుకోలేదు. నాలుగయింది. నాలుగున్నరయింది. నాకు నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నీళ్ళు ఇవ్వమని ఆవిణ్ణి అడగడానికి సిగ్గేసింది.

అయిదుంబావుకి ఆవిడ మాట్లాడింది.

"మీ మామయ్యకి మిగిలింది ఒక్క మాట. రెండేళ్ళు దాంతోనే నాకు అన్నీ చెప్పుకున్నాడు. నీకు ఇన్ని మాటలొచ్చు కదరా. ఆ రోజు కింద అందరి ముందూ ఒక్కటి రాలేదేం?"

తిట్టినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఇంత జరిగిందంటే వెనక ఏదో పెద్ద కారణం ఉండే ఉంటుందని ఆవిడ అనుకుంటోంది. చెప్పలేని కష్టమేదో నాకు ఉండి ఉంటుందని, మేనల్లుణ్ణి కాబట్టి, ఆవిడ నాకోసం ఒక సాకు వెతుకుతోంది.

"సర్వీసు పని పోతుందేమోనని భయపడ్డానత్తా" అన్నాను.

ఆవిడ ఇంకా ఏదో ఉందనుకుని ఆగింది. నేను తల దించుకున్నాను.

"అంతేనా?" అంది.

"అంతే."

అత్తయ్య లేచి, రెండు కిటికీలూ బార్లా తెరిచి, హాల్లోకి వెళ్ళి పనిలో కూర్చుంది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.